సముద్రానికి వాపు

"ఏందబ్బయా, సముద్రానికి వాపొచ్చిందంటనే?"

మైపాడు ఒడ్డున ఇసుకలోకి లాగిపెట్టిన ఫైబర్ పడవ నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్న పెద్దాయన, ఆ మాట అని తన ఫోను నా ముందు పెట్టాడు. తెర మీద అంతా తెలుగే. గాలి గంటకు 14 కిలోమీటర్లు. గాలి అల 0.9 మీటర్లు. వాపు 1.6 మీటర్లు. వాపు దిశ దక్షిణం.

ఆయన పగలబడి నవ్వుతున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ యాప్‌ను ఆయన ఫోనులో ఎక్కించింది నేనే. "మామా, ఇది తెలుగులో చెబుతుంది, డబ్బులు కట్టక్కర్లేదు, మధ్యలో ప్రకటనలు కూడా రావు" అని ఊదరగొట్టింది కూడా నేనే.

ఇంగ్లీషులో ఆ చోట 'స్వెల్' అని ఉంటుంది. నిఘంటువు తీస్తే మొదట కనిపించే అర్థం వాచడమే. కాలు వాచింది, చిగురు వాచింది. సముద్రం దగ్గర ఆ మాటకు అర్థం పూర్తిగా వేరు. ఇక్కడి గాలి ఇక్కడే లేపే అలలు ఒక రకం. దక్షిణ హిందూ మహాసముద్రంలో, దక్షిణాన నలభై యాభై డిగ్రీల అక్షాంశాల దగ్గర, తుపాన్లు లేపి వదిలేసిన అలలు ఇంకో రకం. పుట్టించిన గాలి ఆగిపోయినా ఇవి ఆగవు. ఒక శిఖరం వెళ్ళాక మరో శిఖరం రావడానికి 18 సెకన్లు పట్టే అలల గుంపు, లోతు నీళ్ళలో గంటకు దాదాపు 50 కిలోమీటర్లు నడుస్తుంది. అంటే రోజుకు 1200 కిలోమీటర్లు. అక్కడి నుంచి నెల్లూరు తీరానికి ఆరు వేల కిలోమీటర్ల పైమాటే కాబట్టి అయిదారు రోజుల ప్రయాణం. శ్రీలంక అడ్డం ఉండి కొంత కాస్తుంది గానీ, మొత్తం కాయదు. ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉంటుంది, ఆకు కదలదు, సముద్రం లోపల చూస్తే నున్నగా ఉయ్యాల ఊగుతున్నట్టుంటుంది. లోతు తగ్గిన చోటికి వచ్చేసరికి అదే అల ఒక్కసారి నిలువుగా లేచి పడవను తిరగేస్తుంది. కేరళ తీరంలో ఇలాంటి పొంగును కల్లక్కడల్ అంటారు, దొంగలా వచ్చే సముద్రం అని. హైదరాబాదులోని ఇన్‌కాయిస్, అంటే సముద్ర సమాచారం అందించే జాతీయ కేంద్రం, దీని మీద ప్రత్యేకంగా ముందస్తు హెచ్చరికలు చెప్పే పద్ధతిని 2020లో మొదలుపెట్టింది.

కాబట్టి ఆ తెర మీద ఉన్న అంకెల్లో మామకు అన్నిటికంటే పనికొచ్చేది ఆ 1.6 మీటర్లే. దాన్నే ఆయన జోకుగా తీసుకున్నాడు.

ఆ యాప్ ఓపెన్ సోర్స్. దాని లోపలి రాత, అంటే ప్రోగ్రాము మొత్తం, ఎవరైనా తెరిచి చదవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పంచవచ్చు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ ప్రోగ్రామరు గ్నూ పేరుతో ఈ పట్టుదల మొదలుపెట్టాడు, 1989లో దానికి చట్టం భాషలో ఒక లైసెన్సు రాసిపెట్టాడు. ఇంగ్లీషువాళ్ళకు ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. వాళ్ళకు ఉచితానికీ స్వేచ్ఛకూ 'ఫ్రీ' అన్నది ఒకటే మాట. అందుకని నలభై ఏళ్ళుగా ఎక్కిన ప్రతి వేదిక మీదా ఇది ఆ ఫ్రీ కాదు, ఈ ఫ్రీ అని చెప్పుకుంటూనే ఉన్నారు. మనకా బాధ లేదు. 2005లో హైదరాబాదులో మొదలైన సంస్థ తన పేరే 'స్వేచ్ఛ' అని పెట్టుకుంది, ఒక్క మాటతో తగువు తీరిపోయింది.

ఇంటికొచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను. తప్పు కనిపెట్టడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఇలాంటి ప్రాజెక్టుల్లో ఒక్కో భాషకు ఒక్కో ఫైలు ఉంటుంది. 1995 నుంచి వాడుకలో ఉన్న గ్నూ గెట్‌టెక్స్ట్ పద్ధతే ఎక్కువ చోట్ల కనిపిస్తుంది. పై వరసలో ఇంగ్లీషు మాట, కింది వరసలో మన మాట, మధ్యలో ఖాళీ. మళ్ళీ ఇంగ్లీషు, మళ్ళీ మనది. కిరాణా కొట్టు చిట్టాపద్దులా ఉంటుంది. 'వాపు' అన్న వరస దగ్గర ఆగి, అది ఎవరు రాశారో చూశాను. అలా చూసే వీలు ఉంది. లినస్ టోర్వాల్డ్స్ 2005లో చేసిన గిట్ అనే పరికరం, ప్రతి వరస వెనకా ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో దాచిపెడుతుంది.

ఆరేళ్ళ కిందట ఒక మనిషి ఒక్క రాత్రిలో నాలుగు వందల పైచిలుకు వరసలు తెలుగు చేసి, తెల్లవారుజామున రెండు దాటాక పంపించాడు. అంతకు ముందు ఆ ఫైలు ఖాళీ. ఆయన ముందు సముద్రం లేదు, పడవ లేదు, యాప్ తెర కూడా లేదు. ఒక జాబితా ఉంది, అందులో 'స్వెల్' అన్న ఒంటరి మాట ఉంది. ఆయన నిద్ర కాచుకుని, పైసా తీసుకోకుండా, నాలుగు వందల మాటలు రాస్తే అందులో ఒకటి తప్పింది. అప్పటిదాకా నాలో ఉన్న వెటకారం అక్కడితో పోయింది.

ఆ ఉత్సాహంలో నేను చేసిన పని చెబుతాను, సిగ్గుపడుతూ. 'వాపు' ఒక్కటీ మార్చి ఊరుకోలేదు. ఫైలంతా దులిపి ముప్ఫై ఏడు చోట్ల చెయ్యి పెట్టాను. 'నుండి' అని ఉన్నచోటల్లా 'నుంచి' చేశాను, నాకు అదే బాగుంటుంది కాబట్టి. అక్కడక్కడా చుక్కలు, కామాలు సర్దాను. అంతా కలిపి ఒకే మూటగా కట్టి, 'తెలుగు మెరుగుపరిచాను' అని ఒక వాక్యం తగిలించి పంపాను. ఇలా పంపడాన్ని పుల్ రిక్వెస్ట్ అంటారు. నా దగ్గర చేసుకున్న మార్పును మీ అసలు ప్రతిలోకి లాక్కోండి అని అడగడం.

తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. ప్రాజెక్టును చూసుకునే మనిషి, వాళ్ళ మాటల్లో మెయింటెయినర్, మర్యాదగానే రాశాడు. ఆయనకు తెలుగు రాదు. ఈ ముప్ఫై ఏడింటిలో ఏది తప్పు దిద్దడమో, ఏది ఇష్టాయిష్టాలో ఆయనకు తెలిసే దారి లేదు. ఒక్కో మార్పు విడిగా పంపండి, దేనికి ఎందుకో రాయండి, ఇంకో తెలుగువారెవరైనా చూసి సరే అంటే నేను కలుపుతాను. అంతే. మొదట నాకు కోపం వచ్చింది. ఊరికే చేసిపెడుతుంటే మళ్ళీ దీనికి సాక్ష్యం కూడానా అనిపించింది.

కోపం తగ్గడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో నాకు తట్టిన సంగతే ఈ అధ్యాయం రాయడానికి కారణం.

నెల్లూరు తీరం దక్షిణం చివర పులికాట్ సరస్సు ఉంది. పాతవాళ్ళు ప్రళయకావేరి అంటారు. శ్రీహరికోట దీవి దానికీ బంగాళాఖాతానికీ మధ్య గోడలా నిలబడి ఉంటుంది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్ళూరుపేట వైపు భాగం తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, నీళ్ళకు ఆ సంగతి తెలియదు. ఆ సరస్సు దక్షిణాన, తమిళనాడు వైపు పల్లెల్లో 'పాడు' అనే కట్టుబాటు తరాలుగా నడిచింది. ఆటుపోట్లతో రొయ్య కదిలే మంచి తావులు కొన్నే ఉంటాయి, వలలు ఎక్కువ. అందుకని ఏ రోజు ఏ తావు ఎవరిదో వంతులు వేసుకుంటారు. ఇవాళ మంచి చోటు దొరికినవాడికి రేపు దొరకదు, అందరికీ చుట్టు తిరిగి వస్తుంది. మరీ పొగడక్కర్లేదు. ఒకే కులంలో పుట్టిన, పెళ్ళయిన మగవాళ్ళకే ఆ వంతులు. మిగతావాళ్ళు ఒడ్డున నిలబడి చూడాల్సిందే.

ఉమ్మడి సొత్తు అంటే ఎవరికి వారు దోచుకుని చివరికి నాశనమవుతుందని గారెట్ హార్డిన్ 1968లో రాశాడు. ఆ మాట చాలా దూరం వెళ్ళింది. ఎలినార్ ఆస్ట్రమ్ దాన్ని ఒప్పుకోలేదు. పచ్చిక బయళ్ళు, సాగునీటి కాలవలు, చేపల రేవులు తిరిగి చూసి, జనం కట్టుబాట్లు చేసుకుని ఉమ్మడి సొత్తును వందల ఏళ్ళు కాపాడుకున్న ఉదాహరణలు 1990లో పుస్తకంగా వేసింది. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మొదటి స్త్రీ ఆవిడే. ఓపెన్ సోర్స్ గురించి రాసేవాళ్ళు చాలామంది ఆవిడ పేరు తలుచుకుని, ఇది కూడా ఒక ఉమ్మడి చెరువే అంటారు.

చెరువే, కానీ చేప తరగని చెరువు. మైపాడు మామ ఆ యాప్ వాడితే ఇస్కపల్లిలో ఇంకొకరికి తగ్గేది ఏమీ లేదు. లక్షమంది వాడినా అంతే ఉంటుంది. ఇంతవరకూ అందరూ చెబుతారు. మరి తరిగేది ఏదీ లేదా? ఉంది. వల చిరిగినప్పుడు కూర్చుని కుట్టే మనిషి ఓపిక. ఆ మనిషి ఒక్కడే ఉంటాడు, మహా అయితే ముగ్గురు. ఆయనకు పగలు ఇంకో ఉద్యోగం ఉంటుంది, రాత్రి పిల్లలు నిద్రపోయాక గంట దొరుకుతుంది. ఆ గంటకు లక్షమంది క్యూలో ఉంటారు. పాడులో వంతులు వేసింది తావులకు. ఇక్కడ వంతులు వెయ్యాల్సింది ఆ గంటకు. మార్పు చిన్నదిగా ఉండాలి, ఒక్క మార్పుకు ఒక్క కారణం ఉండాలి, తప్పు కనిపిస్తే ఏ ఫోను, ఏ వెర్షను, ఏం నొక్కితే ఏం వచ్చింది, ఏం రావాలి అన్నది రాయాలి. డాక్టరు దగ్గరికెళ్ళి 'ఒంట్లో బాగాలేదు' అని ఊరుకుంటే ఆయనేం చేస్తాడు? కొత్తవాళ్ళను విసిగించే ఈ నియమాలన్నీ ఆ గంటను కాచుకోవడానికే పుట్టాయి. నా ముప్ఫై ఏడు మార్పుల మూట ఆయన గంటలు ఎన్ని తినేదో లెక్క వేసుకున్నాక, తొమ్మిది రోజుల్లో జవాబిచ్చాడంటే మంచివాడే అనిపించింది.

సాక్ష్యం ఎందుకు అడిగాడన్నదానికి ఇంకో కథ ఉంది. ఎక్స్‌జెడ్ అని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది, ఫైళ్ళను కుదించి చిన్నవి చేస్తుంది. లైనక్స్ నడిచే యంత్రాల్లో ఎక్కడ చూసినా అది ఉంటుంది. చాలా ఏళ్ళు దాన్ని చూసుకున్నది ఫిన్లాండులో లాస్సే కోలిన్ అనే ఒక్క మనిషి, జీతం లేకుండా. ఆయన అలసిపోయాడు, ఆ సంగతి దాచుకోలేదు కూడా. 2021 నుంచి జియా టాన్ అనే పేరుతో ఎవరో మంచి మార్పులు పంపడం మొదలుపెట్టారు. అదే సమయంలో ముక్కూ మొహం తెలియని మరికొందరు, పని ఆలస్యమవుతోంది, ఇంకొకరికి అప్పగించమని కోలిన్‌ను సతాయించారు. చివరికి జియా టాన్ చేతికి తాళాలు వచ్చాయి. 2024లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ తలుపు కూర్చోబెట్టారు. దూరం నుంచి యంత్రంలోకి చొరబడేందుకు దారి అది.

దాన్ని పట్టుకున్నది ఏ కాపలా సంస్థా కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామరు ఏదో వేరే పని పరీక్షించుకుంటూ, లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని విసుక్కుని తవ్వుతూ పోయాడు. 2024 మార్చి 29న బయటపెట్టాడు. ఆ వెర్షన్లు ఇంకా ఎక్కువ యంత్రాలకు పాకకముందే ఆపగలిగారు. అర సెకను! ఆయన ఆ రోజు కాస్త తీరికగా లేకపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. ఆ కథ తెలిసిన మెయింటెయినరు ఎవరైనా, పేరు తప్ప ఏమీ తెలియని నెల్లూరు మనిషి పంపిన ముప్ఫై ఏడు తెలియని మాటలను కళ్ళు మూసుకుని కలపడు. కలపకూడదు కూడా.

ఇదంతా చదివి, ఇంత గోలెందుకు, డబ్బు తీసుకుని చేసే కంపెనీ సరుకే మేలు కదా అనేవాళ్ళుంటారు. సగం నిజమే. 2018 ఫిబ్రవరిలో జరిగినది తెలుగువాళ్ళు అప్పుడే మరిచిపోకూడదు. ఐఫోనుకు 'జ్ఞా' అనే తెలుగు అక్షరం వస్తే యాప్‌లు కుప్పకూలాయి. ప్రపంచమంతా దాన్ని 'తెలుగు బాంబు' అన్నంత హడావుడి చేసింది. అసలు సంగతి ఏమిటంటే, మనం మామూలుగా రాసే జ్ఞాకు ఏ దోషమూ లేదు. కంప్యూటరు లోపల మన అక్షరం ముక్కలుగా ఉంటుంది: జ, దాని వెనక పొల్లు, ఞ, ఆపైన దీర్ఘం. ఆ ఞకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు, అక్షరాలను కలవనివ్వకుండా ఆపేది, దూరినప్పుడే ఆపిల్ వారి అక్షరాలు పేర్చే యంత్రాంగం తికమకపడేది. అలాంటి వరసే బెంగాలీలోనూ బాధపెట్టింది. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 వెర్షనుతో బాగుచేసింది. త్వరగానే చేసింది, ఒప్పుకోవాలి. జీతమిచ్చి పెట్టుకున్న మనుషులున్నారు కాబట్టి చేసింది. అయితే అది బాగయ్యేదాకా, ఆ అక్షరం ఎలా పుడుతుందో అన్నప్రాసననాటి నుంచీ తెలిసిన తొమ్మిది కోట్ల మంది చేతులు కట్టుకుని కూర్చున్నారు. లోపల ఏముందో చూసే వీలు ఎవరికీ లేదు.

ఫైర్‌ఫాక్సులో, ఆండ్రాయిడ్ ఫోన్లలో, లిబ్రెఆఫీసులో అక్షరాలు పేర్చే అదే పనిని హర్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ సరుకు చేస్తుంది. మొదటి నుంచీ దాన్ని మోసుకొచ్చినవాడు ఇరాన్‌లో పుట్టిన బెహ్దాద్ ఎస్ఫాబోద్. పారసీకంలో ఆ పేరుకు 'తెరిచిన అక్షరం' అని అర్థం వస్తుంది. మామ ఫోనులో 'వాపు' అన్న మాట పకారానికి కొమ్ము సరిగ్గా తగిలి కనిపించిందంటే, ఆ పుణ్యంలో తెలుగు రాని ఆ మనిషికి వాటా ఉంది.

తెలుగువాళ్ళు ఇందులో ఊరికే తినేవాళ్ళు మాత్రమే కాదు. మొదట్లో కంప్యూటర్లో తెలుగు రాయాలంటే దిక్కులేదు. అమెరికాలో, హ్యూస్టనులోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో తూచా తప్పకుండా రాసుకునే ఆర్టీఎస్ పద్ధతిని తయారుచేశారు. తర్వాత పత్రికలు ఇంటర్నెట్టుకు ఎక్కాయి గానీ, ఈనాడుది ఒక ఫాంటు, వార్తది ఇంకో ఫాంటు. ఒకదాంట్లో 'క' ఉన్న గడిలో ఇంకోదాంట్లో ఏ కొమ్మో ఉండేది. ఈనాడులో వార్త కాపీ చేసి ఉత్తరంలో అతికిస్తే పిచ్చిగీతలు వచ్చేవి. వెతికితే దొరకదు, దాచుకుంటే పనికిరాదు. వెన్న నాగార్జున, 2003లో తెలుగు వికీపీడియాకు ప్రాణం పోసిన ఆయనే, ఆ ఫాంట్లన్నిటినీ గడి గడికీ పోల్చి యూనికోడులోకి మార్చే 'పద్మ' అనే సాఫ్ట్‌వేర్ రాశాడు. రాసి, లోపలి రాత అందరికీ వదిలేశాడు.

వదిలేశాడు కాబట్టే ఆ తర్వాతది జరిగింది. వీవెన్ అనే ఆయన పద్మను ఆధారం చేసుకుని 'లేఖిని' తయారుచేశాడు. పై గడిలో ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతుంటే కింది గడిలో తెలుగు వచ్చేది. ఏమీ ఎక్కించుకోనక్కర్లేదు. తెలుగు బ్లాగులు మొలిచిన ఆ రోజుల్లో ఎంతమంది మొదటి తెలుగు వాక్యం అందులోనే కొట్టారో లెక్కలేదు. నాదీ అందులోనే. హ్యూస్టనులో పుట్టిన అక్షరాల పద్ధతి ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారి, నెల్లూరు ట్రంకురోడ్డు మీది ఇంటర్నెట్ సెంటరులో గంటకు పదిహేను రూపాయలిచ్చి కూర్చున్న నా దాకా వచ్చింది. మధ్యలో ఎవరూ ఎవరినీ అనుమతి అడగలేదు. లైసెన్సులోనే అనుమతి ఉంది.

సరే, వాపు దగ్గరికి వస్తాను.

ఒక్క మార్పే మళ్ళీ పంపుదామని కూర్చుంటే అసలు చిక్కు అప్పుడు తెలిసింది. వాపు కాకపోతే ఏమని రాయాలి? మళ్ళీ మైపాడు వెళ్ళాను. పెద్దాయన వల కన్ను తెగిన చోట దారం ముడేస్తూ, తల ఎత్తకుండానే చెప్పాడు.

"ఇది ఈడ పుట్టిన కెరటం కాదబ్బయా. గాలి కెరటం పొట్టిగా ఉంటాది, తపతపా కొడతాది. ఇది దూరం నించి వచ్చుండేది. నిమ్మళంగా వస్తాది, ఒడ్డు కాడికొచ్చి లేస్తాది. ఆడ గాలే ఉండదు, నీకేం తెలస్తాది?"

ఆరు వేల కిలోమీటర్ల భౌతికశాస్త్రం నాలుగు ముక్కల్లో అయిపోయింది. 'దూరపు కెరటం' అని రాసి పంపాను. మార్పు ఇంతే:

− వాపు
+ దూరపు కెరటం

కింద కారణం నాలుగు వాక్యాల్లో రాశాను. ఆ మాట శరీరానికి వాడేదనీ, ఇక్కడ అర్థం వేరనీ, తీరంలో పడవ నడిపే మనిషిని అడిగి రాశాననీ.

రెండో తెలుగు మనిషి దొరికింది. అమెరికాలో ఉంటున్న ఒకావిడ, ఇంకో ప్రాజెక్టులో తెలుగు చేసేవారు. "మీ మార్పు అవసరమేనండీ, కానీ శాస్త్రం మాట కదా, 'మహాతరంగం' లాంటిది ఉంటే హుందాగా ఉండదా?" అని అడిగారు. హుందా ఎవరికండీ, చదివేవాడు పడవలో ఉంటాడు అని రాయబోయి, చెరిపేశాను. బదులుగా పెద్దాయన చెప్పింది చెప్పినట్టు రాశాను. దానికి ఆవిడ ఇంకా మంచి ప్రశ్న వేశారు: నెల్లూరు మాట శ్రీకాకుళంలో పడవవాళ్ళకు అర్థమవుతుందా? ఇది ఆలోచించాల్సిందే. ఒక ఊళ్ళో వాడే పేరు ఇంకో ఊళ్ళో వాడకపోవచ్చు. కానీ దూరం అన్నా, కెరటం అన్నా తెలియనివారు తీరమంతా వెతికినా ఉండరు. మొదటిసారి చూసినవాడికి కూడా అది ఎక్కడిదో మాటలోనే ఉంది. ఆవిడ సరే అన్నారు.

సరే అంటూ ఆవిడే ఇంకో తప్పు చూపించారు, అది నా కంటపడనే లేదు. ఊరి పేరు వెనక యాప్ తనంతట తనే 'కు' తగిలిస్తోంది. మైపాడుకు, బాగానే ఉంది. తుమ్మలపెంటకు, బాగుంది. ఇస్కపల్లికు! మనకు ఇకారం తర్వాత 'కి' రావాలని ఎవరూ నేర్పక్కర్లేదు, చిన్న పిల్లకాయలకు కూడా నోట్లో నుంచి అదే వస్తుంది. ఇంగ్లీషులో ఈ బెడద లేదు, వాళ్ళ మాట ముందే నిలబడి ఉంటుంది, ఊరి పేరు ఏదైనా దానికి అంటుకోదు. కాబట్టి ఆ ప్రోగ్రాము రాసినవాడికి ఇక్కడ ఒక గొయ్యి ఉందని కలలో కూడా తోచదు. ఎంత గొప్ప ప్రోగ్రామరైనా సరే. ఇది పదం మారిస్తే పోయే తప్పు కాదు, ప్రోగ్రాములోనే చెయ్యి పెట్టాలి. మేం ప్రత్యయాన్ని పూర్తిగా తీసేసి, 'ఊరు: ఇస్కపల్లి' అని పక్కకు జరిపేయమన్నాం. అందంగా ఉండదు, తప్పూ ఉండదు. మెయింటెయినరు ఇంకే ప్రశ్న వేయకుండా ఒప్పుకున్నాడు. తమిళం, కన్నడం చేసేవాళ్ళు కూడా అదే మార్పు తమకూ కావాలని వెంటనే రాశారు. ఫిన్నిషు, టర్కిషు వాళ్ళదీ అదే బాధట, వాళ్ళ ప్రత్యయాలూ మాట వెనకే అంటుకుంటాయి, అచ్చు మారితే అవీ మారతాయి.

మొదటి మూట పంపిన నాటి నుంచి యాభై రెండో రోజున నా రెండు మాటలు అసలు ప్రతిలో కలిశాయి. 'కలిపాను, ధన్యవాదాలు' అని ఊదారంగు గుర్తు ఒకటి వచ్చింది. ఇంట్లో ఎవరికి చూపించినా, "రెండు మాటలకా ఇన్ని రోజులు?" అన్నారు.

తర్వాతి వెర్షను వచ్చాక మామ ఫోను తీసుకుని చూపించాను. దూరపు కెరటం, 1.1 మీటర్లు. ఆయన కళ్ళు చికిలించి చూశాడు. "వాపు తగ్గిందే," అని, మళ్ళీ వల మీదికి వంగాడు.

ఆ మెయింటెయినరు నన్ను ఊరికే వదల్లేదు. తెలుగు మార్పులు ఎవరు పంపినా మొదట నేను చూసి సరే అనాలని ఆ పని నాకు అప్పగించాడు. అందరూ అందలం ఎక్కితే మోసేవారెవరని మా నాయనమ్మ అనేది, కాదనలేకపోయాను. మొదటి నెల ఏమీ రాలేదు. రెండో నెల రెండు వచ్చాయి. ఇప్పుడు వారానికి ఒకటైనా వస్తోంది, ఎక్కువ కాలేజీ కుర్రాళ్ళవి. కొందరు ముప్ఫై నలభై మార్పులు ఒకే మూటలో పంపుతారు, 'తెలుగు మెరుగుపరిచాను' అని ఒక వాక్యంతో.

పన్నెండు రోజులుగా నా దగ్గర ఒకటి పడి ఉంది. ఎవరో అబ్బాయి, పేరు చూస్తే తెలుగు పేరే, ఒక్క మార్పు, ఒక్క కారణం, ఏ ఫోనో, ఏ తెరో అంతా పద్ధతిగా రాశాడు. ఆటుపోట్ల పట్టికలో ఆటు ఉండాల్సిన చోట పోటు, పోటు ఉండాల్సిన చోట ఆటు ఉందట. చూస్తే నాలుగు నిమిషాల పని. పరీక్షల పేపర్లు దిద్దే కాలం, ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిదవుతోంది. నిన్న తెరిచాను కూడా. నీళ్ళు వెనక్కి తీసేది ఆటా, పోటా అని నాకే ఒక్క క్షణం తడబాటు వచ్చి, మూసేశాను. ఆదివారం మైపాడు వెళ్ళాలి. సాయంత్రానికి ఆ అబ్బాయికి జవాబు రాస్తాను.